దవడ కింద బిళ్ల

కోడలి తలకి నూనె రాస్తున్న చేతులు కుడి చెవి కిందికి వచ్చేసరికి ఆగిపోయాయి. చేతులు ఆగాయి గాని నోరు ఆగలేదు. "మెడ కాస్త ఇటు తిప్పు అమ్మాయ్, అలా బిగుసుకుపోతే జడ ఎలా వెయ్యను?" అంటూనే బిళ్లలమ్మ బొటనవేలు దవడ ఎముక లోపలి అంచు వెంట మెల్లగా పాకింది. గోళీకాయంత ఉంది. నొక్కితే పక్కకి జారింది.

"అబ్బా, నొప్పి అత్తయ్యా!" అంది కోడలు.

బిళ్లలమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆవిడ గొర్రెల కబేళాలో తనిఖీ మనిషి. కొక్కేలకి వేలాడుతూ వచ్చే ఒక్కో గొర్రెకీ దవడ కింద, భుజం ముందు, డొక్క మడతలో ఉండే బిళ్లల్ని వేళ్లతో తడిమి, అనుమానం వచ్చినదాన్ని కత్తితో చీల్చి చూడటం పని. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కట్టిందంటామే, ఆ బిళ్లలే. గొర్రెలకీ ఉంటాయి. రోజుకి రెండొందల గొర్రెల చొప్పున పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. పెద్దాసుపత్రి డాక్టర్లు కూడా ఇన్ని బిళ్లలు పట్టుకుని ఉండరని ఆవిడకి లోలోపల గొప్ప. ఆ గొప్పలో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే అన్నేళ్లలో ఆవిడ పట్టుకున్న బిళ్లల్లో ఒక్కటి కూడా నొప్పి అనలేదు.

అక్కడే ఆవిడకి తికమక మొదలైంది. చేతికి తగిలినది తెలిసినదే. కాని వెచ్చగా ఉంది, జారుతోంది, పైగా దాని తాలూకు మనిషి మూలుగుతోంది.

"ఎన్నాళ్లనుంచి ఉందిది?"

"ఏది? నాకేం తెలుసు. నాలుగు రోజులుగా అటువైపు నమల్లేకపోతున్నాను."

"నమల్లేకపోతే మింగు," అంది బిళ్లలమ్మ, ఏమంటోందో తనకే తెలియకుండా.

పక్కనే చాప మీద నాలుగు నెలల మనవడు, బుజ్జిగాడు, తన కాలి బొటనవేలిని నోట్లో పెట్టుకోవాలని నానా తంటాలు పడుతున్నాడు. ఒకసారి అందుతుంది, మరోసారి జారిపోతుంది. వాడి ఓపిక చూస్తే ఇంకెప్పుడైనా ఆవిడకి నవ్వొచ్చేది. జడ సగంలో వదిలేసి వంటింట్లోకి వెళ్లి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది.

సాయంత్రం కొడుకు డ్యూటీ నుంచి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. విషయం విని, "డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు.

"ఏమని చూపిస్తావు? ఇంట్లో క్షయ ఉందని కాగితం మీద రాసిచ్చారనుకో, రేపట్నుంచి నన్ను మాంసం ముట్టుకోనిస్తారా? ముందు అదేమిటో నన్ను తేల్చుకోనీ."

"నీకెలా తెలుస్తుందమ్మా?"

"నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుందిరా?"

కొడుకు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. అవసరమైన చోట నోరు మూసుకోవడం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటు. దాన్ని ఇన్నాళ్లూ ఆవిడ మంచితనం అనుకుంటూ వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికల్లా బిళ్లలమ్మ రబ్బరు బూట్లు తొడుక్కుని తన చోట నిలబడింది. ఎడమ చేతికి సన్నటి ఇనుప వలతో అల్లిన తొడుగు, కుడి చేతిలో చిన్న కత్తి, పక్కన సలసల కాగే నీళ్ల తొట్టి. ఒక గొర్రెని కోసిన కత్తి ఆ నీళ్లలో మునగందే ఇంకో గొర్రెని తాకకూడదు. అందుకని ఆవిడ దగ్గర రెండు కత్తులు ఉంటాయి. ఒకటి చేతిలో ఉంటే రెండోది నీళ్లలో ఉంటుంది. పైన ఇనుప పట్టా మీద కొక్కెం కిర్రుమంటూ వస్తుంది, గొర్రె ఆవిడ ముందు ఆగుతుంది. బొటనవేలు మూడు చోట్లకి వెళ్తుంది. పదింటిలో తొమ్మిది వేలితోనే తేలిపోతాయి. పదోదాన్ని చీలిస్తే లోపల తడిగా, లేత బూడిదరంగులో ఉండాలి. అలా కాకుండా పచ్చగా, జున్నుముక్కలా గట్టిపడి, ఉల్లిపాయ పొరల్లా వలయాలు కనిపిస్తే అది చీముగడ్డ. ఒక్కచోటే ఉంటే ఆ ముక్క తీసేస్తారు. రెండు మూడు చోట్ల ఉంటే గొర్రె గొర్రెంతా పాతిపెట్టే గుంతలోకి పోవలసిందే.

బాగున్నవాటి మీద ఊదారంగు ముద్ర వెయ్యడానికి పశువుల డాక్టరు వచ్చాడు. కుర్రాడే, మంచివాడు. ఆవిడ చేతి మీద అతనికి తన చదువు మీద ఉన్నంత నమ్మకం ఉంది.

"సార్, ఒక మాట అడగనా?" అంది బిళ్లలమ్మ, కత్తి నీళ్లలో ముంచుతూ. "ఒక గొర్రె ఉందనుకోండి."

"మీ ముందు ఉన్నవన్నీ గొర్రెలేగా, బిళ్లలమ్మగారూ."

"బతికున్న గొర్రె. తెలిసినవాళ్లది. దవడ కింద బిళ్ల కట్టింది. ఒక్కటే. పిల్లతల్లి."

"వయసు?"

ఇరవై నాలుగు అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. "పడుచుదే."

డాక్టరు ముద్ర చెక్కను సిరా గుడ్డ మీద ఒత్తుతూ ఆలోచించాడు. "బిళ్ల అంటే అనుమానించాల్సిందే. మందకంతా పాకుతుంది. ముందు దాన్ని వేరుగా కట్టెయ్యమనండి. దాని తొట్టి వేరు, నీళ్లు వేరు. పిల్లని తీసేసి బయటి పాలు పట్టమనండి."

"తల్లి దగ్గర అస్సలు ఉంచకూడదా?"

"ఒక్క పూట కూడా ఉంచొద్దు. పిల్ల ముఖ్యమా కాదా?"

ఇక దాని మీద ఆలోచించడానికి ఏముంది? అడిగిన ప్రశ్నకి అతను తిన్నగానే జవాబు చెప్పాడు.

ఇంటికి వెళ్తూ దారిలో పాలపొడి డబ్బా, రెండు సీసాలు కొంది. సీసాలు మరిగే నీళ్లలో వేసి, కబేళాలో కత్తి మునిగినట్టు అవి పూర్తిగా మునిగాయో లేదో వంగి చూసింది. మనవడి ఉయ్యాల తన గదిలోకి లాక్కుంది. కోడలి కంచానికి, గ్లాసుకి ఎర్రదారం కట్టి వేరే గూట్లో పెట్టింది. ఇదంతా కోడలు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

"ఏమిటత్తయ్యా ఇది?"

"కొన్నాళ్లు బాబు నా దగ్గర పడుకుంటాడు. నీ పాలు వాడికి పడవు. డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు? నన్ను ఎవరూ చూడందే?"

"డాక్టరంటే డాక్టరే. ఆయనకి అన్నీ వివరంగా చెప్పాను."

కోడలు మొగుడి వైపు చూసింది. అతను చెప్పుల పట్టీ సర్దుకుంటున్నాడు. ఆ పట్టీకి సర్దాల్సినంత ఏమీ లేదు.

"వాడికి పాలిచ్చే వేళయింది," అంది కోడలు చివరికి. "ఈ ఒక్కసారికీ ఇవ్వనా?"

ఒక్క పూట కూడా వద్దన్నాడుగా! బిళ్లలమ్మ పిల్లాణ్ని ఎత్తుకుని తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. ఎవరి మీదా కోపంతో కాదు. భయంతో. భయంలో ఉన్న మనిషి చేసే పని కోపంలో చేసే పని కంటే మెత్తగా ఉంటుందనుకుంటాం గాని, తలుపు అవతల ఉన్నవాళ్లకి ఆ తేడా తెలియదు.

బుజ్జిగాడు సీసా మూతిని నాలుకతో బయటికి తోసేశాడు. మళ్లీ పెడితే మళ్లీ తోసేశాడు. ముఖం ఎర్రబడేలా ఏడ్చాడు. గోడకి అవతల కోడలు కూడా ఏడుస్తోందని ఆవిడకి వినిపించింది. మధ్యలో నిలబడి ఎవర్ని ఊరుకోబెట్టాలో తోచక, నిండు సీసాని ఊపుతూ ఉండిపోయింది.

బిళ్లలమ్మ పనికి వెళ్తూ పక్కింటావిడని ఆ గదిలో వాడి దగ్గర కూచోబెట్టింది. రెండో రోజుకి పిల్లవాడు సీసా అందుకున్నాడు. గెలిచానని బిళ్లలమ్మ సంతోషపడబోయి, ఎందుకో సంతోషపడలేకపోయింది. తల్లి గది గుమ్మం ముందు నుంచి వాణ్ని ఎత్తుకుని వెళ్తుంటే, వాడు అటు తల తిప్పకుండా సీసా వైపే చూశాడు. కోడలు అది చూసింది. నీళ్లతొట్టి దగ్గరికి వెళ్లి, గోడవైపు తిరిగి నిలబడి, చేత్తో కొద్దిగా పాలు పిండి పారబోసుకుంది. నొప్పికి భుజాలు ముడుచుకుపోవడం వెనకనుంచి కూడా తెలుస్తోంది. రవిక ముందు భాగమంతా తడిసింది. దండెం మీద ఆరేసిన తువ్వాళ్లు మూడు, మూడూ పాల వాసనే. బతికున్న గొర్రెలతో బిళ్లలమ్మకి పరిచయం తక్కువ. పిల్లని లాగేస్తే తల్లి పొదుగు ఏమవుతుందో కాపరిని అడిగితే చెప్పేవాడు. ఆవిడ అడిగినవాడు కాపరి కాదు. అడిగిన ప్రశ్నలోనూ నిజం సగమే ఉంది.

మూడో రోజు పనిలో ఒక గొర్రె దగ్గర వేలు ఆగింది. దవడ కింద బిళ్ల, సరిగ్గా గోళీకాయంత. దాన్నే మళ్లీ మళ్లీ తడిమింది. అలా తడమడం ఈ పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ లేదు. చీల్చింది. లోపల చీము లేదు, వలయాలు లేవు. నిండుగా, తడితో మెరుస్తూ, కాస్త ఎర్రగా ఉంది. అంతే.

"సార్, ఇలా రండి. దీన్ని ఏం చెయ్యమంటారు?"

పశువుల డాక్టరు వచ్చి, బిళ్ల చూడకుండా ముందు చెవి మడతపెట్టి చూశాడు. లోపల పుండు ఉంది, ఈగలు చేసిన పుండు. "ఇదుగో కారణం. బిళ్ల దాని పని అది చేసింది. పంపించెయ్యండి." అతను ముద్ర వేసేసి వెళ్లబోతూ ఆగాడు. "ఇలాంటివి మీరే రోజుకి పది పంపిస్తారుగా. ఇవాళ నన్నెందుకు పిలిచారు?"

నిజమే. రోజూ పంపిస్తుంది. ఉబ్బినదల్లా చెడ్డది కాదని ఆవిడ వేలికి తెలుసు. మరి ఆ తెలిసినది ఇంటికి వెళ్లేసరికి ఎటు పోయింది? వేలిని నమ్మాలా, డాక్టరు మాటని నమ్మాలా? అతనే మొన్న వేరుచెయ్యమన్నాడు, అతనే ఇవాళ పంపించెయ్యమంటున్నాడు. మొన్న తను అడిగినప్పుడు పుండు ఎక్కడుందని అతను ఎందుకు అడగలేదు? తను ఎందుకు వెతకలేదు? వరసగా వచ్చే గొర్రెలు ఆవిడ ముందు ఆగి, ఆగి, ఆవిడ చెయ్యి కదలకపోయేసరికి ఒకదానికొకటి గుద్దుకున్నాయి. అవతల కొక్కేలు తోసేవాడు, "ఏమ్మా, నిద్రపోతున్నావా?" అని అరిచాడు. ఒంట్లో బాగోలేదని చెప్పి మధ్యాహ్నానికే బయటపడింది.

ఇంట్లో కోడలు దుప్పటి కప్పుకుని గజగజ వణుకుతోంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కొడుకు అప్పుడే పనిలోంచి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. చేతులకి గ్రీజు అలాగే ఉంది.

"అత్తయ్యా," అంది కోడలు పళ్లు కటకటలాడుతుండగా, "ఇక్కడ కూడా చూడండి. మీకేగా తెలుస్తుంది." వెటకారంగా అందో, నిజంగానే అందో బిళ్లలమ్మకి బోధపడలేదు. కోడలు చెయ్యి పైకెత్తింది. చంకలో ఇంకో బిళ్ల. మొదటిదానికంటే పెద్దది.

ఒక్కచోట ఉంటే ముక్క తీసేస్తారు. రెండు చోట్ల ఉంటే... ఆ మాట పూర్తి చెయ్యలేక బిళ్లలమ్మ మంచం అంచున కూచుంది. పద్దెనిమిదేళ్లుగా తన చేత్తో గుంతలోకి పంపినవన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. "ఒరే, బండి తియ్యి," అంది. మళ్లీ అంది. "బాబుని నేను ఎత్తుకుంటాను. బండి తియ్యరా!"

తమ వీధి చివరి ఆసుపత్రిలో డాక్టరమ్మ పెద్దావిడ. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, కోడలి దవడ కింద ఒక్కసారి తాకి, "నోరు తెరు" అంది. చిన్న టార్చి వేసి చూసి, చెంచా వెనక వైపుతో లోపలి పన్ను మీద తట్టింది. కోడలు ఎగిరిపడింది.

"పుచ్చిపోయి వేరు దాకా చీము పట్టింది. ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నావమ్మా?"

"చెప్పాను," అంది కోడలు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు.

నమల్లేకపోతే మింగు. ఆ మాట బిళ్లలమ్మకి ఇప్పుడు వినపడింది, వేరే ఎవరో అన్నట్టుగా.

"మరి ఆ బిళ్ల?" అంది డాక్టరమ్మతో. "క్షయ కాదా అండీ?"

"పన్ను బాగుచేయించుకున్నాక రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే అప్పుడు పరీక్ష చేద్దాం. చూడమ్మా, ఒంట్లో రక్తం ఒక్కటే పారదు. సన్నటి గొట్టాల్లో తేటనీరు లాంటిది ఇంకోటి పారుతుంది. శోషరసం అని పుస్తకాల్లో రాస్తారు. ఏ మూల పుండు పడినా అక్కడి నీరు రక్తంలో కలిసేలోపు ఈ బిళ్లల గుండా వడకట్టుకుని పోవాలి. సూక్ష్మక్రిములు ఏవన్నా ఉంటే అక్కడే ఆపి చంపుతాయి. పని మీదపడితే ఉబ్బుతాయి. ఉబ్బిందంటే అది కాపలా కాస్తోందని."

"నేను చూసిన వాటిల్లో చీము ఉంటుందండీ."

"నువ్వెక్కడ చూశావు?"

"కబేళాలో."

డాక్టరమ్మ కళ్లజోడు పైకి తోసుకుని ఆవిడ వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. "అక్కడ నీ కంట పడేవి ఓడిపోయినవి. గెలిచినవి మళ్లీ చిన్నవైపోతాయి. నీ వేలికి తగలవు."

తరవాత కోడలి చెయ్యి ఎత్తి చంకలో చూసింది. పైగుడ్డ తొలగించి చూసి ముఖం చిట్లించింది. ఎడమ రొమ్ము రాయిలా గట్టిపడి, ఒక పక్కంతా ఎర్రగా కమిలిపోయి ఉంది. "పన్నుకి ఉబ్బిన బిళ్ల అది. ఇది దీనికి ఉబ్బింది. పాలు నిలవుండిపోయి క్రిములు చేరాయి. పిల్లవాడు తాగడం లేదా?"

"మూడు రోజులైంది," అన్నాడు కొడుకు. "ఇవ్వకూడదన్నారట."

"ఎవరన్నారు?"

"డాక్టరు," అన్నాడు కొడుకు.

"ఏ డాక్టరయ్యా? పేరు చెప్పు, ఫోన్ చేసి కనుక్కుంటాను వాడి చదువేమిటో!"

కొడుకు తల్లి వైపు చూశాడు. కోడలు కూడా చూసింది. మూడు రోజులుగా అడుగుతున్న ప్రశ్నే అది. పిల్లవాడు బిళ్లలమ్మ భుజం మీద ఆవిడ జుట్టు పీకుతున్నాడు.

"పశువుల డాక్టరండీ," అంది బిళ్లలమ్మ. "ఆయన తప్పేం లేదు. నేనే అలా అడిగాను. గొర్రె అని చెప్పి."

ముందు కోడలు నవ్వింది. జ్వరంలో ఎండిపోయిన పెదాలతో, "గొర్రెనా?" అని నవ్వింది. "నన్నా?" అంది మళ్లీ. ఆ నవ్వు ఆగకుండానే కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. తుడుచుకోలేదు. బిళ్లలమ్మకి భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. ఇంట్లో పరువు, తన పని, అన్నీ దాచుకోవడానికి ఒక్క చిన్న మాట మార్చింది. ఆ ఒక్క మాటతో మనిషిని మంద నుంచి వేరుచేసి కట్టేసింది.

"సరే, అదంతా ఇంట్లో తేల్చుకోండి," అంది డాక్టరమ్మ. "మందు రాస్తున్నాను, పాలిచ్చే తల్లులు వాడొచ్చు. అంతకంటే ముందు కావలసింది వీడు. ఈ పాలవల్ల వాడికి ఏమీ కాదు. వాడు తాగితేనే ఆ గట్టిదనం కరుగుతుంది. వేడినీళ్ల గుడ్డ కాపడం పెడతాను, ఇక్కడే పట్టి చూడమ్మా. మూడు రోజులు సీసాకి అలవాటు పడ్డాడు, పట్టుకుంటాడో లేదో. పట్టుకోకపోతే గడ్డ కోయాల్సి వస్తుంది."

బిళ్లలమ్మ పిల్లవాణ్ని కోడలి ఒళ్లో పెట్టింది. తల ఎక్కడ ఆనాలో, చెయ్యి ఎక్కడ పెట్టాలో సర్దబోయింది. కొడుకుని పెంచిన చేతులు కదా, అవి అలా వాటంతటవే ముందుకు పోతాయి. కోడలు ఆ చేతుల్ని చూసింది.

"అత్తయ్యా, మీరు కాస్త బయట ఉండండి."

గొంతులో కోపం లేదు. ఉంటే జవాబు చెప్పుకునే వీలుండేది. బిళ్లలమ్మ కొడుకు వైపు చూసింది. వాడు ఈసారి చెప్పుల వైపు చూడలేదు. గుమ్మం తెర ఎత్తి పట్టుకుని, తల్లి బయటికి వెళ్లేదాకా అలాగే నిలబడి, తరవాత తను కూడా వచ్చి తెర వేసేశాడు.

వరండాలో బల్ల మీద ఇద్దరూ కూచున్నారు. లోపల పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. మూడు రోజుల క్రితం సీసా చూసి ఏడ్చిన ఏడుపే అది, ఇప్పుడు తల్లిని చూసి. బిళ్లలమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. ఏడుపు పెరిగింది. మధ్యలో కోడలు నొప్పితో పెట్టిన చిన్న కేక వినిపించింది. తరవాత ఏడుపు ఆగిపోయింది.

"పట్టుకున్నాడంటావా అమ్మా?" అన్నాడు కొడుకు.

ఆ నిశ్శబ్దం ఎలాంటిదో, పట్టుకున్నందుకు ఆగాడో, అలిసిపోయి ఆగాడో. ఆవిడ చెవి ఒగ్గి వింది. ఏమీ తేలలేదు.

"నాకు తెలీదురా," అంది.

ఆ మాట తల్లి నోట వినడం కొడుక్కి కొత్త. పక్కకి తిరిగి చూశాడు. ఆవిడ అప్పటికే లేచి తెర దగ్గరికి వెళ్లింది. గుడ్డ పట్టుకుంది గాని ఎత్తలేదు. తన ఇంట్లో ఏ గదిలోకీ అడిగి వెళ్లిన మనిషి కాదు.

"అమ్మాయ్," అంది తెర ఇవతల నుంచి, "లోపలికి రానా?"

అప్పుడు వినిపించింది, చాలా చిన్న చప్పుడు, గుటక తరవాత గుటక, మధ్యలో ముక్కుతో ఆత్రంగా ఊపిరి పీల్చుకోవడం.

"ఆగండి అత్తయ్యా," అంది కోడలు. "వాడింకా తాగుతున్నాడు."

బిళ్లలమ్మ తెర వదిలేసి, అక్కడే నిలబడి ఆగింది.